జామ్ బ్యాండ్ లైవ్: పాత రాక్ పాట ఎక్కడ విడిపోతుంది, ఎక్కడ కలుస్తుంది?

పల్లవి_ఎక్కడ అడిగారు:
న్యూయార్క్ దగ్గర పోర్ట్ చెస్టర్ కాపిటల్ థియేటర్‌లో జో రూసోస్ ఆల్మోస్ట్ డెడ్ (గ్రేట్‌ఫుల్ డెడ్ అనే పాత అమెరికన్ రాక్ బ్యాండ్ పాటలు వాయించే బృందం) కచేరీకి టికెట్లు తీసుకున్నాం. గ్రేట్‌ఫుల్ డెడ్ పాటలు స్టూడియో ఆల్బమ్‌లలో విన్నవే. లైవ్ పెడితే మాత్రం రెండో చరణం దాకా బాగానే అందుతుంది, ఆ తర్వాత పది నిమిషాలు ఏం జరుగుతోందో అంతుపట్టదు. ఉన్నట్టుండి జనం కేకలేస్తారు, పాట మళ్లీ మొదలవుతుంది. కర్ణాటక సంగీతం వినే అలవాటుంది, తాళం వేయగలను. దేన్ని పట్టుకుని వినాలి? వెళ్లేలోగా ఏం వినాలి? చెవుల్లో ఏమైనా పెట్టుకోవాలా?

మంద్రస్థాయి:
ముందు గిటార్ మీంచి చెవి తీసి బేస్ (మంద్ర స్వరాలు వాయించే గిటార్) మీద పెట్టండి. జామ్‌లో, అంటే పాట మధ్యలో అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే భాగంలో, గిటార్ ఎటు తిరిగినా కింద బేస్ స్వరం మారితేనే దారి మారినట్టు.

గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ల డార్క్ స్టార్‌తో మొదలుపెట్టండి. 1968లో సింగిల్‌గా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. 1969 ఫిబ్రవరి 27న ఫిల్మోర్ వెస్ట్‌లో వాయించినది 23 నిమిషాలు, లైవ్/డెడ్ ఆల్బమ్‌లో ఉంది. రెండూ పక్కపక్కన వింటే చరణాల మధ్య ఖాళీని ఎంత సాగదీశారో తెలుస్తుంది.

తర్వాత 1977 మే 8, కార్నెల్ యూనివర్సిటీలో వాళ్లదే కచేరీలో స్కార్లెట్ బిగోనియాస్, దాని వెన్నంటే ఫైర్ ఆన్ ది మౌంటెన్. రెండూ కలిపి 25 నిమిషాలు దాటతాయి. రెండింటికీ బి యే షడ్జమం, అందుకే ఆగకుండా ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి జారగలిగారు. ఫైర్ బేస్ వరస ముందే నోటికి పట్టించుకోండి. స్కార్లెట్ చివర్లో అది ఎప్పుడు తొంగిచూస్తుందో కనిపెట్టడమే మీ పని. జనం కేక అక్కడే పడుతుంది.

ఇంకోటి. మీరు చూడబోయే ఐదుగురిలో నలుగురికి (రూసో, బెనెవెంటో, డ్రైవిట్జ్, మెట్జ్‌గర్) లెడ్ జెపెలిన్ పాటలు గాత్రం లేకుండా వాయించే వేరే బ్యాండ్ ఉంది. వీళ్లు పాటను మాటల వైపు నుంచి కాక వరస వైపు నుంచి పట్టుకుంటారన్నది గుర్తుంచుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి. ఒకరి జామ్‌లో ఇంకెవరి పాట ముక్కో రెండు ఆవర్తాలు వినిపించి మాయమైతే కంగారు పడొద్దు, అది కొంటెతనం.

3_3_3_2:
తాళం వేయగలరంటే సగం పని అయిపోయినట్టే. ఆల్మన్ బ్రదర్స్ అనే ఇంకో పాత రాక్ బ్యాండ్ పాట విప్పింగ్ పోస్ట్ మీద సాధన చేయండి. మొదట్లో వచ్చే వరస 11 అక్షరాలు, 3+3+3+2. గొంతు అందుకోగానే చివరి రెండు కూడా మూడై 3+3+3+3 అవుతుంది. స్టూడియోలో ఐదు నిమిషాల పాట, 1971 మార్చిలో ఫిల్మోర్ ఈస్ట్‌లో 23 నిమిషాలు. డబుల్ ఎల్పీలో నాలుగో వైపంతా అదే. గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్ల ది ఎలెవెన్ పాట కూడా 11 లెక్కే.

వాళ్లదే ఎస్టిమేటెడ్ ప్రాఫెట్ వాయిస్తే 7 వేయండి. మిశ్రచాపు అలవాటున్న చేతికి కష్టం కాదు. ఎటొచ్చీ నడక బాగా నెమ్మది, తొందరపడితే 8కి జారిపోతారు.

డ్రమ్మర్ కుడిచేయి చూస్తుండండి. హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) వదిలి రైడ్ సింబల్ (విడిగా ఉండే పెద్ద తాళం) మీదికి వెళ్లాడంటే చాలాసార్లు జామ్ తలుపు తెరుచుకున్నట్టే.

పల్లవి_ఎక్కడ:
మరి రాగం లెక్కన వినొచ్చా? పాశ్చాత్య స్కేళ్లలో డోరియన్ అంటే ఖరహరప్రియ, మిక్సోలిడియన్ అంటే హరికాంభోజి కదా.

మంద్రస్థాయి:
స్వరాలు అవే, వినే తీరు అది కాదండీ. మనకి తంబురా కదలదు. ఇక్కడ కింద కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) కదులుతుంది. డెడ్ వాళ్ల ఫ్రాంక్లిన్స్ టవర్ తీసుకోండి: ఎ, జి, డి, జి, అదే చక్రం. ఎ షడ్జమం అనుకుంటే అంతర గాంధారం ఎ కార్డ్ మీద హాయిగా కూర్చుంటుంది. అదే గాంధారం జి కార్డ్ మీద పడితే ప్రతిమధ్యమంలా గుచ్చుతుంది. మంచి గిటారిస్టు ఆ గుచ్చుకోవడాన్ని కావాలనే వాడతాడు. స్కేలు మాత్రమే తెలిసినవాడు కార్డ్ మారినట్టు గమనించకుండా పైకీ కిందకీ పరిగెడుతుంటాడు, వినేవాళ్లకి రెండో నిమిషానికే విసుగు.

నెరవల్‌తో (ఒకే సాహిత్య పాదాన్ని తాళంలోనే రకరకాలుగా అల్లడం) పోల్చుకుంటే నయం. ఫిష్ అనే జామ్ బ్యాండ్ అభిమానులు జామ్‌లను టైప్ 1, టైప్ 2 అంటారు. పాట కార్డుల చక్రం లోపలే తిరిగితే టైప్ 1, అది నెరవల్‌కి దగ్గర. చక్రాన్నే వదిలేసి కొత్త ఆధారస్వరానికో కొత్త లయకో వెళ్లిపోతే టైప్ 2. సెట్‌లిస్టులో రెండు పాటల మధ్య బాణం గుర్తు ఉంటే ఆపకుండా వాయించారని.

సౌండ్‌బోర్డ్_వెనక:
పనికొచ్చే సంగతులు కొన్ని. నిలబడే చోటు సౌండ్‌బోర్డ్ (శబ్దాలన్నీ కలిపి సరిచేసే బల్ల) దగ్గర చూసుకోండి, మిక్స్ చేసే మనిషి వింటున్నదే మీకూ వినిపిస్తుంది. మరీ ముందుకు వెళ్తే మీ ఎదురుగా ఉన్న యాంప్లిఫయరే మోగుతుంది, అవతలి గిటార్ పోతుంది. గోడ పక్కన బేస్ ఉబ్బుతుంది. పైకి లేచిన మైకుల కింద నిలబడితే మాత్రం కబుర్లు వద్దు, అక్కడ రికార్డు చేసుకుంటుంటారు. డెడ్ వాళ్లు 1984 నుంచే అలాంటివాళ్లకి విడిగా చోటిచ్చారు.

చెవులకి ఫోమ్ ప్లగ్స్ కొనకండి. పై స్థాయిలను ఎక్కువ మింగేస్తాయి, ఆ రైడ్ సింబలే వినపడదు, బేస్ గుమగుమ మాత్రం మిగులుతుంది. సంగీతం కోసం చేసిన ప్లగ్స్ 15–20 డెసిబెల్స్ అన్ని స్థాయిల్లోనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి సురక్షితమైన సమయం 15 నిమిషాలే, ఒక్క జామ్‌కి సరిపోతుంది! మొదటి పాటకే పెట్టుకోండి.

మామూలుగా రెండు సెట్లు, మధ్యలో విరామం. డెడ్ సంప్రదాయంలో పొడుగు జామ్‌లు రెండో సెట్‌లో ఎక్కువ, కాళ్ల సత్తువ దానికి దాచుకోండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డెడ్ కచేరీలు ఉచితం. సౌండ్‌బోర్డ్ నుంచి నేరుగా తీసిన టేపులు అక్కడ వినడానికే, ప్రేక్షకులు చేసిన రికార్డింగులు దించుకోవచ్చు కూడా.

3_3_3_2:
ఒక్కటి కలుపుతా, జామ్ చెడిపోతే ఎందుకు చెడిందో. ఎక్కువసార్లు అందరూ ఒకే స్థాయిలో కూర్చోవడం వల్లే: కీబోర్డ్ ఎడమచేయి, బేస్ పై స్వరాలు, రెండో గిటార్ లావు తీగలు ఒకేచోట పడితే అంతా బురద. కీబోర్డ్ వాయించే బెనెవెంటో ఎడమచేయి ఎప్పుడు ఖాళీగా ఉంచుతున్నాడో చూడండి, బేస్ అప్పుడే స్పష్టంగా వినిపిస్తుంది.