వీలునామాలో ‘అనుభవించి’ అన్న మాట ఎంత దూరం వెళ్తుంది?

‘వీలునామా’లో ఉన్నది అవకాశం, అనుకూలం అన్న అర్థంలో మనం వాడే వీలేనా అని మొన్న ఒక సభ్యులు అడిగారు. కాదు. ఇంగ్లీషు ‘విల్’కు పత్రం అన్న అర్థం గల పారసీ ‘నామా’ చేరి వీలునామా అయింది. రాజీనామాలోనూ పంచనామాలోనూ ఉన్నది ఈ నామాయే. తమిళులు అదే ఇంగ్లీషు మాటను ‘ఉయిల్’గా మలచుకున్నారు. ‘మరణశాసనం’ అన్న సంస్కృత సమాసం మనకు ఉన్నా, చేజేతులా చేటు తెచ్చుకోవడానికి అది పేరైపోయింది కాబట్టి, మా కోనసీమలో పెద్దవాళ్లు ‘కాయితం రాసి పెట్టాను’ అంటారు గాని ఆ మాట నోట రానివ్వరు.

అయితే ఈమధ్య నా వీలునామా నేనే రాసుకుందామని కూర్చున్నప్పుడు నా కలాన్ని ఆపిన మాట అది కాదు, ‘అనుభవించి’.

మా తాతయ్య 1963లో రాయించిన వీలునామాలో ఒక వాక్యం ఇలా ఉంది: ‘నా భార్య తన జీవితకాలము సదరు కొబ్బరితోట ఫలసాయము అనుభవించి, ఆమె తదనంతరము నా కుమారులిద్దరును సమముగా పంచుకొనవలెను.’ తోట ఆరు కుంచాలు. మా వైపు కుంచమంటే పది సెంట్లు. కొబ్బరికాయలు దింపే రోజున మామ్మ అరుగు మీద కూర్చుని కాయలు లెక్కపెట్టించి, వచ్చిన డబ్బు కొంగున ముడి వేసుకునేది. మా మేనత్త వైద్యానికి రెండు కుంచాలు అమ్ముదామంటే మాత్రం, కొనేవాళ్లు కాయితం చదివించుకుని, ఆమెకు అనుభవించడమే రాశారు గాని అమ్మే హక్కు రాయలేదని వెనక్కి తగ్గారు. ‘కాయ నాది, చెట్టు నాది కాదన్నమాట’ అని ఆ రోజు మామ్మ అన్న మాట నేను మరిచిపోలేదు. తాతయ్య ఆమెకు లోటు చేయాలని రాయలేదని ఇంట్లో అందరికీ తెలుసు. లేఖరి చేతికి అలవాటైన వాక్యం పడింది, అంతే.

చట్టం ఈ మాటను ఎలా చూస్తుందో కూడా చెప్పుకోవాలి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ స్త్రీ చేతిలోని ఆస్తికి సంపూర్ణ హక్కు ఇస్తూనే, వీలునామా ద్వారా పరిమిత హక్కుతో ఇచ్చిన ఆస్తిని రెండో ఉపసెక్షన్‌లో మినహాయించింది. 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు, అంతకుముందే ఉన్న భరణం హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి అయితే, పరిమితులు రాసి ఉన్నా అది సంపూర్ణ హక్కే అవుతుందని చెప్పింది. అంటే ఒక్క ‘అనుభవించి’ మీద ఏళ్ల తరబడి వాదించుకోవచ్చు. భార్యకు ఏమి ఇవ్వదలచామో మనమే తేటగా రాస్తే ఆ వాదనకు చోటెందుకు?

అందుకే పాత దస్తావేజుల్లోని ‘దాన విక్రయ వినిమయాది సర్వహక్కులతో’ అన్న పొడవాటి సమాసాన్ని గ్రాంథికమని తీసిపారేయకూడదని నా అభిప్రాయం. అందులో ప్రతి ముక్కకూ పని ఉంది: ఊరికే ఇవ్వవచ్చు, అమ్మవచ్చు, మార్పిడి చేసుకోవచ్చు; తనఖా, కౌలు లాంటివి ‘ఆది’లో ఇమిడిపోతాయి. నేను దాన్ని ఉంచి, పక్కనే ‘అనగా అమ్ముకొనుటకు, తనఖా పెట్టుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు’ అని మా ఆవిడకు చదివి వినిపిస్తే అర్థమయ్యేలా చేర్చాను. 1925 నాటి భారత వారసత్వ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పారిభాషిక పదాలే ఉండాలన్న నియమం లేదు, రాసినవారి ఉద్దేశం తెలిస్తే చాలు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పనిసరి. రిజిస్ట్రేషన్ మన ఇష్టం, స్టాంపు కాగితమూ అక్కరలేదు.

హద్దుల మాటా అంతే. ‘తూర్పు: పంటబోదె’ అని మా తాతయ్య కాయితంలో ఉంది, పొలాలకు నీరు పారే ఆ చిన్న కాలువ ఇప్పుడు సిమెంటు రోడ్డు కింద ఉంది. లంక భూముల కాయితాల్లో ‘పడమర: గోదావరి’ అని చూస్తే నాకు మరీ దిగులు, ఎందుకంటే వరదకు గట్టు కోసుకుపోతే ఆ హద్దు తోటలోకే నడిచి వస్తుంది. అందుచేత హద్దులతో పాటు సర్వే నంబరు, విస్తీర్ణం కూడా రాశాను.

‘తదనంతరం’ విషయంలో నాకు ఇంకా తృప్తి కలగలేదు. భార్య, కుమార్తె ఇద్దరి ప్రస్తావనా ఉన్న వాక్యంలో అది ఎవరి తదనంతరమో తేలదు. ‘నా మరణానంతరం’ అని రాస్తే మా అమ్మాయి అశుభమని నొచ్చుకుంది. అయినా అదే ఉంచాను. కృష్ణా తీరంలోనూ రాయలసీమలోనూ పాత వీలునామాలు చూసిన సభ్యులు, అక్కడ జీవితకాలపు హక్కును ‘అనుభవించి’ అనే రాశారా, వేరే మాట వాడారా అన్నది తెలిసేలా ఆ వాక్యం ఉన్నదున్నట్టుగా ఇక్కడ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.