శ్రీకారాన్ని ఎందుకు "చుడతాం"?

మా నాయనమ్మ వాడిన మాటలన్నీ రాసిపెట్టాలని పోయినేడు 200 పేజీల నోట్‌బుక్ ఒకటి కొన్నాను. మొదటి పేజీ నెత్తిన "శ్రీ", పక్కన సోమవారం తేదీ, కింద నాలుగు మాటలు. రెండు పేజీల తర్వాత మళ్ళీ "శ్రీ", ఇంకో సోమవారం, మూడు మాటలు. నిన్న లెక్కపెడితే 11 శ్రీలు తేలాయి. మా ఆవిడ అటుగా వెళ్తూ చూసి, "రామకోటి రాస్తున్నారా?" అంది.

నవ్వుకున్నాక సందేహం వచ్చింది. పని మొదలుపెట్టడాన్ని "శ్రీకారం చుట్టడం" అంటాం కదా. అక్షరాన్ని రాస్తాం, దిద్దుతాం. తలపాగా చుడతాం, చాప చుడతాం. మరి శ్రీని చుట్టడమేమిటి? పెద్దలు చెప్పండి. "ఆరంభింపరు" పద్యం మాత్రం దయచేసి ఎవరూ పెట్టొద్దు. అది అందరికీ కంఠతా వచ్చు, అందులో నేను రెండో రకమనీ నాకు తెలుసు.

విజయనగరం నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:
బాబూ, ఫోన్‌లో కాదు, కాగితం మీద ఒకసారి నెమ్మదిగా రాసి చూడు. ముందు శ, దానికి గుడిదీర్ఘం. ఆ తర్వాత క్రావడి. అది కిందినుంచి బయల్దేరి ఎడమ పక్కగా పైకొచ్చి అక్షరాన్ని ఒడిలోకి తీసుకుంటుంది. పలకమీద పిల్లల చేత దిద్దించేటప్పుడు మేము "చుట్టు, ఇంకా చుట్టు" అనేవాళ్ళం. చెయ్యి చేసే పని పేరే మాటలోకి వచ్చిందని నా అభిప్రాయం. ఇప్పటి ఫాంట్లలో క్రావడి పొట్టిదైపోయి ఆ చుట్టు కనిపించడం లేదు గానీ, పాత అచ్చుపుస్తకం తీస్తే తెలుస్తుంది.

చెన్నై నుంచి:
మాస్టారి మాటకు పక్కింటి సాక్ష్యం ఒకటి. తమిళంలో కాగితం పైన ముందు "పిళ్ళయార్ సుళి" వేస్తారు, ఉ అక్షరంలా ఒక చిన్న మెలిక. సుళి అంటే మన సుడి. పని మొదలుపెట్టడానికీ అదే మాట వాడతారు. మలయాళంలో "హరిశ్రీ కుఱిక్కుక", హిందీలో "శ్రీగణేశ్ కర్‌నా". శ్రీ అందరికీ ఉంది గానీ, మెలిక తిప్పింది మనమూ తమిళులూ.

సిద్దిపేట నుంచి:
మా దగ్గర శ్రీకారం పేపర్లోనే కనిపిస్తుందన్నా, అదీ మంత్రిగారు వచ్చిన రోజు. ఇంట్లో "షురూ చేద్దాం" అంటాం. సోమవారం కూడా కాదు, సోమారం. బేస్తారం, సుక్కురారం, ఐతారం, అట్లా. "సోమారం షురూ జేస్త" అంటే మా బాపు "ఏ సోమారం? తారీకు జెప్పు" అనేటోడు.

కువైట్ నుంచి (మాది రాజంపేట వైపు):
ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. వారం ఆదివారమే మొదలవుతుంది. సోమవారానికి మేము ఒక రోజు అరిగిపోయి ఉంటాం. అయినా ఇంటికి ఫోన్ చేసి "సోమవారం నుంచి వాకింగ్ మొదలుపెడతా" అనే చెప్తాను. "ఆదివారం నుంచి" అనడానికి నోరు రాదు, ఎందుకో!

మళ్ళీ నేను:
మాస్టారూ, రాసి చూశాను. నిజంగానే చుట్టింది చెయ్యి. తారీకు మాట మాత్రం గుచ్చుకుంది. కిరాణా కొట్టులో "నేడు నగదు రేపు అరువు" అని బోర్డు ఉంటుందే, నా సోమవారం అలాంటిదే. బోర్డు ఎప్పుడు చదివినా అరువు రేపే. అసలు సోమవారం మీద మనకు ఇంత గురి ఎందుకంటారు?

విజయనగరం మాస్టారు:
ఆఫీసుల వల్ల కొంత, శివుడి వల్ల కొంత. ఓ న మః శి వా య సి ద్ధం న మః అని దిద్దించేవాళ్ళం, "ఓనమాలు" అక్కడిదే. ఆయన మంత్రం, ఆయన వారం. ఇంకొకటి చెప్తాను. ఆంధ్రులు ఆరంభశూరులని మనల్ని మనమే తిట్టుకుంటాం. నన్నయగారు 11వ శతాబ్దంలో శ్రీతోనే భారతం ఎత్తుకుని, మూడో పర్వం మధ్యలో ఆగిపోయారు. తిక్కనగారు 13వ శతాబ్దంలో నాలుగో పర్వం నుంచి 15 పర్వాలు రాశారు. మధ్యలో మిగిలింది ఎర్రనగారు 14వ శతాబ్దంలో పూర్తి చేశారు. మొదలుపెట్టినవాడే ముగించాలని ఎక్కడుంది? నీ నోట్‌బుక్ నీ మనవరాలు ముగించవచ్చు. అందుకని నువ్వు మానేయమనడం లేదు.

ఆదోని దగ్గరి పల్లె నుంచి:
మా తాత సోమవారం కాడి కట్టేవాడు కాదు, బసవన్న వారమని. ఎద్దుల్ని కడిగి, మేత వేసి వదిలేసేవాడు. అదునులో సోమవారం వస్తే ఆ రోజంతా గొర్రు బిగించుకుంటూ, విత్తనాలు ఏరుకుంటూ కూర్చునేవాడు. మంగళవారం తెల్లారకముందే చేలో ఉండేవాడు. మంగళవారం మొదలుపెట్టకూడదు కదా అంటే, "అదును పోతే వారం అన్నం పెడుతుందా" అనేవాడు.

హైదరాబాద్ నుంచి (సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్):
మా దగ్గర రెండు కాయలు. మొదలుపెడితే కొబ్బరికాయ, షూటింగ్ అయిపోతే గుమ్మడికాయ. "కొట్టేశారా?" అంటే చాలు, ఏ కాయో అడిగినవాడి ముఖం చూసి తెలుస్తుంది. కొబ్బరికాయ రోజున పూలు, క్లాప్, ఫొటోలు, టిఫిన్లు. గుమ్మడికాయ రోజున సగంమంది అప్పటికే వేరే సెట్‌లో ఉంటారు. నేను పనిచేసిన వాటిలో మూడింటికి గుమ్మడికాయ బాకీ.

తెనాలి నుంచి:
శ్రీకారం, షురూ, కొబ్బరికాయ అన్నీ వచ్చాయి గానీ మా అమ్మ మాట రాలేదు. బియ్యం కొలిచేటప్పుడు ఆవిడ మొదటిదాన్ని ఒకటి అనదు. "లాభం" అంటుంది. లాభం, రెండు, మూడు, నాలుగు. మా నాన్న ధాన్యం కొట్లో కూడా అంతే. చిన్నప్పుడు నేను అడిగాను, ఇంకా ఏమీ అమ్మలేదుగా, అప్పుడే లాభం ఎక్కణ్ణుంచి వచ్చిందని. "మొదటిదానికి ఆ పేరు పెట్టకపోతే రెండోది ఎవరు కొలుస్తారే" అంది. అప్పుడు వారం కూడా చూసుకోలేదు, డబ్బాలో బియ్యం అయిపోయాయి, బస్తా విప్పింది, అంతే.

మళ్ళీ నేను:
అక్కా! మా నాయనమ్మ కూడా అచ్చం అలాగే కొలిచేది. ఎడమచేత్తో కొంగు పట్టుకుని, కొలత మీద బియ్యం చేత్తో ఒరిసి, "లాభం" అని గట్టిగా, తర్వాతవన్నీ గొణుగుడు. 11 సోమవారాలు కూర్చుని గుర్తు చేసుకుంటే ఈ మాట రాలేదు. ఇప్పుడే రాశాను. ఇవాళ బుధవారం. పైన శ్రీ చుట్టలేదు, పోయిన శ్రీ కిందే బోలెడు చోటుంది.

మీ అమ్మగారు కొలిచేది సోలతోనా, తవ్వతోనా? నాయనమ్మది ఏదో గుర్తు రావడం లేదు. చెప్తే పక్కనే రాసుకుంటాను.