ఏడాది చివర బడికి కృతజ్ఞతలు: టీచర్లకే కాదు, అందరికీ చెప్పాలంటే ఎలా చేస్తే బాగుంటుంది?

చీపురుపల్లి_అమ్మ అడిగారు:

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. ఎం.పి.పి. (మండల పరిషత్ ప్రాథమిక) స్కూలు, ఒకటి నుంచి ఐదు దాకా 64 మంది పిల్లలు. ముగ్గురు టీచర్లు, మధ్యాహ్న భోజనం వండే వంట ఏజెన్సీలో ఇద్దరు, ఆయా ఒకరు. అదే ఆవరణలో అంగన్‌వాడీ, అందులో టీచరు, ఆయా. ఆవరణ గేటు తాళం చూసుకునే పెద్దాయన ఒకరు. మొత్తం తొమ్మిది మంది.

ఏటా జరిగేది తెలిసిందే. హెచ్.ఎం. గారికి శాలువా, ఒక ఫొటో, పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్టు. ఆ టైముకి వంట చేసేవాళ్ళు వెనకాల గిన్నెలు తోముకుంటూ ఉంటారు. ఈసారి విద్యా కమిటీ తరఫున తొమ్మిది మందికీ సరిగ్గా చెప్పాలని ఉంది. ఏ రోజు, ఏ టైము మంచిది? డబ్బులు వసూలు చేయొచ్చా? పిల్లలచేత ఏం చేయించాలి? పిల్లలూ పెద్దలూ కలిపి 120 మందికి ఏదైనా తినడానికి పెట్టాలి, వంటమనిషిని పెట్టుకునే స్తోమత లేదు.

ఆమదాలవలస_మాస్టారు:

ముందు టైము సంగతి తేల్చుకోండమ్మా, మిగతావన్నీ దాన్ని బట్టే. వేసవి సెలవులు మామూలుగా ఏప్రిల్ 24న మొదలవుతాయి, మళ్ళీ జూన్ 12న బడి. అంటే ఆఖరి పనిదినం 23. ఆ రోజు మాత్రం పెట్టకండి. ప్రోగ్రెస్ కార్డులు, రికార్డులు, స్టాకు లెక్కలతో టీచర్లకు ఊపిరాడదు. పైగా ఒంటిపూట బడి, 7:45 నుంచి 12:30. ఆ పొద్దుటిపూట ఊళ్ళో ఎవరుంటారు? ఎండాకాలం ఉపాధి హామీ పని తెల్లవారుతూనే మొదలు. సగం మంది తల్లులు చెరువు మట్టి మోస్తూ ఉంటారు. తల్లిదండ్రులు లేకుండా సభ పెడితే టీచర్లకు టీచర్లే దండలేసుకున్నట్టు ఉంటుంది.

21 గానీ 22 గానీ సాయంత్రం 4:45కి పెట్టండి. ఆరుంపావుకి గానీ పొద్దు గుంకదు కాబట్టి లైట్ల ఖర్చు లేదు. ఒక్కటే భయం, గాలివాన. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు సాయంత్రాలు ఉరుములు, పిడుగులు మామూలే. షామియానా వేయకండి, ఇనుప గొట్టాలతో లేనిపోని ప్రమాదం. వరండానే వేదిక చేసుకుని, జనాన్ని బడి నీడ పడే వైపు కూర్చోబెట్టండి. ఉరుము వినబడిందంటే అందరూ గదుల్లోకి వెళ్ళిపోవాలి, చెట్టు కిందకి కాదు. ఈ మాట మొదట్లోనే మైకులో చెప్పేయండి.

సాయంత్రం పెట్టడంలో ఇంకో లాభం ఉంది. బడి వేళల్లో అయితే మధ్యాహ్న భోజనం ఆపడానికి వీల్లేదు. ఊరివాళ్ళు పెట్టేది ఏదైనా దానికి అదనమే గానీ బదులు కాదు. ‘ఈ రోజు వంట వాళ్ళకి సెలవిద్దాం’ అని మనం అనుకున్నా హెచ్.ఎం. ఒప్పుకోలేరు. సాయంత్రమైతే వాళ్ళు ఇంటికెళ్ళి, స్నానం చేసి, మంచి చీర కట్టుకుని వస్తారు.

డబ్బు సంగతి. ‘పిల్లాడికి ఇంత’ అని తలా వసూలు వద్దు. ప్రభుత్వ బడి, చదువు ఉచితం అని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పాక, బడి పేరుతో రేటు పెడితే ఫిర్యాదు హెచ్.ఎం. మెడకి చుట్టుకుంటుంది. ఇవ్వలేని ఇంటి పిల్లాడు ఆ రోజు కడుపునొప్పి అంటాడు, అది వేరే. సరుకు రూపంలో తీసుకోండి: ఒకరు పల్లీలు, ఒకరు నూనె, ఒకరు పెరుగు. డబ్బే ఇస్తామన్నవాళ్ళది కమిటీ పుస్తకంలో రాసి, ఖర్చు లెక్క ఆ వారంలోనే గోడకి అంటించండి. బడికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు జోలికి పోవద్దు. అది సున్నానికీ, కుళాయికీ, సుద్దముక్కలకీ గానీ సన్మానాలకి కాదు.

టీచర్లకి ఖరీదైనవి ఇస్తే వాళ్ళకే ఇబ్బంది. 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. వెండి సామాన్లు, ఫోన్లు అసలు తలపెట్టొద్దు.

ఇచ్ఛాపురం_టీచరమ్మ:

పిల్లల సంగతి నేను చెప్తాను. పిల్లలచేత ఉత్తరాలు రాయించండి. అయితే ‘మా టీచర్ మంచి టీచర్’ అని బోర్డు మీద రాసి ఎక్కించుకోమంటే 64 జెరాక్సులు వస్తాయి, అంతే. బోర్డు మీద మూడు ప్రశ్నలే రాయండి. ఎవరికి? వాళ్ళు నీ కోసం ఏం చేశారు? అప్పుడు ఏమైంది? రెండో ప్రశ్నకి జవాబు కంటికి కనిపించే పని అయ్యుండాలి. ‘బాగా చూసుకున్నారు’ అని రాస్తే, ‘ఏం చేసి చూసుకున్నారు?’ అని మళ్ళీ అడగండి. అప్పుడు ఇలాంటివి వస్తాయి: ‘అమ్మమ్మా, రాగిజావలో ఉండలుంటే నేను తాగను. నువ్వు గరిటెతో చిదిపి పోశావు. ఇప్పుడు రెండు గ్లాసులు తాగుతున్నాను.’

ఎవరికి నచ్చినవాళ్ళకి రాయమంటే నలభై ఉత్తరాలు ఒకే టీచరుకి పోతాయి, గేటు పెద్దాయనకి ఒక్కటీ రాదు. అందుకే చీటీలు వేయండి. 64 మందిని తొమ్మిదికి పంచితే తలా ఏడు, ఒకరికి ఎనిమిది. చీటీ ప్రకారం ఒకటి రాశాక, ఇంకోటి ఇష్టమైనవాళ్ళకి రాసుకోవచ్చని చెప్పండి. ఒకటీ రెండూ తరగతులు బొమ్మ వేస్తారు. అది ఏమిటని అడిగి, అయిదో తరగతి పిల్లలు కింద ఒక వాక్యం రాసిపెడతారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాయాలి, మన యాసలో ‘ఏటి’ (ఏమిటి) అంటే ‘ఏటి’ అనే.

ఎస్.ఏ.2 (ఏడాది చివరి) పరీక్షలయ్యాక రెండు రోజులు, రోజుకో పీరియడ్ చాలు. తెల్లకాగితాలు 64కి తోడు ఇరవై ఎక్కువ ఉంచండి. స్కెచ్ పెన్నులొద్దు, వెనక్కి ఇంకి రెండో వైపు పాడవుతుంది. క్రేయాన్లు, పెన్సిల్ చాలు. తప్పులు ఎర్ర ఇంకుతో దిద్దకండి. పేరు ఒక్కటి సరిగ్గా ఉందో లేదో చూడండి. వంటామె అసలు పేరు చాలామంది పిల్లలకి తెలియదు. తొమ్మిది పేర్లూ వారం ముందే బోర్డు మీద రాసి చదివించండి.

స్టేజి మీద ఒక్కొక్కరికి ఒక్క ఉత్తరమే చదివించాలి. ఒక్కో ఉత్తరానికి అర నిమిషం, పిల్లలు వచ్చి వెళ్ళే టైముతో కలిపి మొత్తం పది నిమిషాలు. అన్నీ చదివిస్తామని కూర్చుంటే పావుగంటకే వెనక వరస కబుర్లలో పడుతుంది. ఉత్తరాలు అందుకున్నవాళ్ళలో చదవడం రానివాళ్ళు ఉంటే మిగతావన్నీ తర్వాత రాసిన పిల్లలే పక్కన కూర్చుని చదివి వినిపిస్తారు. కట్ట కట్టేటప్పుడు ఎడమ అంచున దారంతో కుట్టండి. మన సముద్రపు గాలికి స్టేపిల్ పిన్ను తుప్పు పట్టి కాగితం తినేస్తుంది.

మా వైపు వాళ్ళెవరైనా చదువుతుంటే ఒక మాట: ఇంట్లో ఒడియా మాట్లాడే కుటుంబాలున్న ఊళ్ళలో పిలుపు కాగితం రెండు లిపుల్లోనూ వేయండి. పిలుపు అర్థం కాకే చాలామంది రారు.

రాజాం_వంటశాల:

120 మందికి సాయంత్రం పూట ఆవ పెట్టిన పులిహోర, మజ్జిగ చాలండి. క్రీము కేకు మాత్రం తేవద్దు, ఆ ఎండకి పెట్టె తెరిచేసరికే కారిపోతుంది.

బియ్యం 8 కిలోలు. చింతపండు 900 గ్రాములు, కొత్తదైతే రంగు బాగుంటుంది, పాతది వేస్తే నల్లబడుతుంది. నువ్వుల నూనె లీటరున్నర. పల్లీలు కిలో, శనగపప్పు 300, మినప్పప్పు 200, తాలింపుకి ఆవాలు 100, ఆవ నూరడానికి ఇంకో 150. పచ్చిమిర్చి 400, ఎండుమిర్చి 150, పిల్లలు తింటారు కాబట్టి అంతకు మించొద్దు. పసుపు 50, ఇంగువ 20, బెల్లం 150, ఉప్పు 350 గ్రాములతో మొదలెట్టండి. కరివేపాకు ధారాళంగా.

పులుసు ముందురోజు రాత్రే చేసిపెట్టుకోండి. నూనె పైకి తేలి, గరిటెకి ముద్దలా అంటేదాకా ఉడకాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. నీళ్ళు మిగిలిన పులుసు కలిపితే ఆ వేడికి నాలుగైదు గంటల్లో పులిహోర వాసన మారుతుంది. అన్నం మధ్యాహ్నం ఒంటిగంటకి, నాలుగేసి కిలోలు రెండు వాయిలుగా వండండి. ఎనిమిది కిలోలూ ఒకే డేగిసాలో వేస్తే అడుగు మెత్తబడి పైన పలుకు ఉండిపోతుంది. వండిన వెంటనే ఉతికిన గుడ్డ మీద పరిచి, పసుపు, కరివేపాకు, కాస్త నూనె చల్లి ఆరనివ్వాలి. వేడి మీద కలియతిప్పితే ముద్దయిపోతుంది.

ఆవాలు, ఉప్పు, నాలుగు ఎండుమిర్చి కొంచెం నీళ్ళు చిలకరించి నూరుకోండి. అన్నం పూర్తిగా చల్లారాకే ఆవ కలపాలి. వేడిలో కలిపితే ఘాటు పోయి చేదు ఒక్కటే మిగులుతుంది. మూడింటికి కలిపి, అరగంటాగి ఉప్పు మళ్ళీ చూడండి, అన్నం పీల్చుకున్నాక చప్పబడుతుంది. వేయించిన పల్లీలు వడ్డించే ముందే కలపాలి, లేకపోతే మెత్తబడతాయి. అంగన్‌వాడీ చిన్నపిల్లల కోసం పల్లీలూ పప్పులూ లేకుండా ఒక గిన్నె విడిగా తీసి ఉంచండి. గొంతుకి అడ్డం పడితే కష్టం.

మజ్జిగకి పెరుగు 6 లీటర్లు, నీళ్ళు 18. ఉప్పు 130 గ్రాములు, దంచిన అల్లం 100, కరివేపాకు. పెరుగు పొద్దున్నే తెచ్చి నీడన పెట్టి, వడ్డనకి అరగంట ముందు నీళ్ళు కలపండి. ముందే కలిపితే పులుస్తుంది. చల్లదనానికి కేన్ల చుట్టూ తడి గోనెసంచి చుట్టండి. చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీ దిమ్మ తెచ్చి మజ్జిగలో వేసేవాళ్ళున్నారు. అది చేపలు నిలవ ఉంచడానికి చేసేది, తాగడానికి కాదు.

అడ్డాకు దొప్పలు 150 తెచ్చుకోండి. మజ్జిగకి బడి స్టీలు గ్లాసులు ఉన్నాయిగా. కానీ అవి కడిగేది ఎవరో ముందే అనుకోండి. ఆ రోజు కూడా వంట ఏజెన్సీ వాళ్ళే కడిగితే మీరు పెట్టిన కార్యక్రమానికి అర్థం లేదు.

చీపురుపల్లి_అమ్మ:

చాలా థాంక్సండి. గ్లాసుల సంగతి నాకు తట్టనే లేదు, నలుగురు నాన్నలకి అప్పజెప్పేశాను! శాలువా వద్దంటే మా పెద్దలు ఒప్పుకోవడం లేదు. ‘ఏదో ఒకటి కప్పకపోతే సన్మానం ఏటి’ అంటున్నారు.

పొందూరు_నూలు:

కప్పమనండి, కానీ ఏప్రిల్లో ఆ మెరిసే శాలువా దేనికి? కప్పించుకున్నవాళ్ళు నిమిషంలో తీసి కుర్చీకి తగిలిస్తారు. మీకు పొందూరు అదే రైలు మార్గంలో ఉంది, ఖాదీ కండువాలు తెచ్చుకోండి. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేసే గుడ్డ అది. ధర నూలు కౌంటును, అంటే నూలు ఎంత సన్ననిదనే దాన్ని, బట్టి మారుతుంది. సన్ననిది కొనాలని లేదు, మోటుదైనా చెమట పీల్చుకుంటుంది. బజారులో మిల్లు గుడ్డకి పొందూరు పేరు పెట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఖాదీ సంఘం దుకాణంలో బిల్లుతో కొనండి. వెలుతురుకి పట్టి చూస్తే చేతి నూలు అక్కడక్కడ లావు సన్నం కనిపిస్తుంది, మిల్లుది గీత గీసినట్టు ఉంటుంది. మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్ళలో అని ఇచ్చేటప్పుడే చెప్పండి.

తొమ్మిది మందికీ ఒకేలాంటివి కొనండి. హెచ్.ఎం. గారికి జరీ అంచు, ఆయాకి తువ్వాలు అంటే జనం కళ్ళు ముందు దాని మీదే పడతాయి. ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, పసుపు కుంకుమతో జాకెట్టు ముక్క ఇవ్వడం మన వాడుకే గానీ స్టేజి మీద వద్దు. తొమ్మిది మందిలో భర్త పోయినవాళ్ళు ఒకరున్నా ఆ క్షణంలో అందరూ నీళ్ళు నములుతారు. కండువా, ఒక పువ్వు, ఉత్తరాల కట్ట. ఇది ఎవరికైనా ఇవ్వొచ్చు.

వంట వాళ్ళకి గిన్నెలు, ఆయాకి బకెట్టు లాంటి పనిముట్లు బహుమతిగా ఇవ్వకండి. టీచర్ల జీతం వేరు, వీళ్ళకొచ్చేది వేరు. కమిటీకి ఏమైనా మిగిలితే కవర్లో పెట్టి, స్టేజి దిగాక విడిగా చేతికివ్వండి. ఎంత ఉందో మైకులో చెప్పొద్దు.

ఎవరైనా రిటైరవుతుంటే వాళ్ళకి బొబ్బిలి బుల్లి వీణ బాగుంటుంది. అసలు బొబ్బిలి వీణ ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు, ఇది దాని నమూనా, అద్దాల పెట్టెలో వస్తుంది. పేరు చెక్కించాలంటే ముందే చెప్పి పెట్టుకోవాలి. ఫ్లెక్సీ మానేస్తే ఆ డబ్బు ఇలాంటివాటికి కలిసొస్తుంది. బోర్డు మీద రంగు సుద్దలతో పిల్లలు రాసిందే ఫొటోలో బాగా పడుతుంది.

ఆమదాలవలస_మాస్టారు:

క్రమం కూడా చెప్పేస్తాను. గంటంపావు దాటనివ్వకండి. ప్రార్థన అయ్యాక మొదట పిలవాల్సింది వంట వాళ్ళని, తర్వాత ఆయాలు, గేటు పెద్దాయన, అంగన్‌వాడీ టీచరు, చివర బడి టీచర్లు. టీచర్లు ఏమీ అనుకోరు, ముందుగా ఒక మాట చెవిన వేస్తే చాలు. ఎవరినైనా ‘మన వంటావిడ’ అని కాకుండా పేరుతో, గారు చేర్చి పిలవాలి. పిలిచే బాధ్యత అయిదో తరగతి పిల్లలకి ఇవ్వండి, పెద్దలకి ఇస్తే ఉపన్యాసం ఎత్తుకుంటారు.

ఊళ్ళో తప్పెటగుళ్ళ (తప్పెట కొడుతూ ఆడే జానపద ఆట) జట్టు ఉంటే పది నిమిషాలు ఆడించండి, దానికి మైకు కూడా అక్కర్లేదు. డీజే బాక్సులు వద్దు.

ముఖ్య అతిథి అంటూ ఎవరినీ పిలవకపోతేనే మేలు. పిలవక తప్పదంటే ‘4:45కి మొదలవుతుంది’ అని చెప్పి, ఆ టైముకి మొదలెట్టేయండి. ఆయన వచ్చేదాకా ఆగారంటే పులిహోర ఎండుతుంది, చిన్నపిల్లలు నిద్రపోతారు, మబ్బు కూడా పట్టొచ్చు. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ళ కట్ట 23న పొద్దున్న బడిలోనే ఇప్పించండి. సెలవుల్లో బదిలీలు జరిగితే కొందరు జూన్‌లో మీకు కనిపించకపోవచ్చు.