ఏబీఎస్ సెన్సర్ కప్లర్ పోయింది: సాల్డరింగా, క్రింపింగా?

బేతంచర్ల లోడ్:
2016 మోడల్ పది టైర్ల బండి. బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌కి వెనక ఎడమ చక్రం దగ్గరున్న సెన్సర్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) పగిలింది, పిన్నులు పచ్చగా చిలుం పట్టాయి. షోరూములో కప్లర్ విడిగా రాదు, కేబుల్‌తో సహా సెన్సర్ మార్చాలన్నారు. బయట ఒకాయన కప్లర్ కోసేసి వైర్లు మెలేసి టేపు చుట్టాడు. పదిహేను రోజులు బాగుంది, మొదటి వానకే డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ హెచ్చరిక లైటు మళ్లీ వెలిగింది. ప్రస్తుతానికి లైటు మీద నల్లటేపు అంటించి తిప్పుతున్నాం. సాల్డరింగ్ చేయిస్తే నిలుస్తుందా?

ఆటోనగర్ వైరింగ్:
నిలుస్తుంది. సాల్డర్ పెట్టి పైన స్లీవ్ వేయించండి. ముప్పై ఏళ్ల నుంచి ఇదే పని, నా జాయింటు తిరిగి వచ్చింది లేదు.

ఓమ్ మీటర్:
ఇంట్లో ఫ్యానుకైతే సాల్డర్ సరే, లారీ యాక్సిల్ దగ్గర కాదు. సాల్డర్ పోగుల్లోకి పాకి వైరు గట్టిపడుతుంది, ఆ గట్టిది ఆగిన చోటే అదురుకి తెగుతుంది. క్రింపింగ్ చేసి (వైర్లని చిన్న లోహపు గొట్టంలో పెట్టి టూల్‌తో నొక్కి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేడి చేస్తే నీళ్లు దూరవు. రెండు జాయింట్లూ పక్కపక్కనే వద్దు, రెండంగుళాలు ఎడంగా ఉండాలి. వైర్లు ఒకదానికొకటి మెలేసి ఉంటాయే, ఆ మెలిక విప్పి వదిలేయకండి, పక్క వైర్ల కరెంటు సిగ్నల్లో కలవకుండా కంపెనీ వాడు వేసిన మెలిక అది.

ఆటోనగర్ వైరింగ్:
వైరుని క్లిప్పుతో కట్టేస్తే అదురెక్కడిది? పుస్తకం చదివి చెప్పడం తేలిక. రోడ్డు మీద బండి ఆగితే క్రింపింగ్ టూల్ ఎవడి దగ్గరుంటుంది? కటింగ్ ప్లేయరుతో నొక్కి అదే క్రింపింగ్ అంటారు, అలా నొక్కినవి ఎన్ని విప్పానో నాకు తెలుసు.

గాలి బ్రేకు:
జాయింటు ఏదైనా, ముందు నల్లబడ్డ రాగి కోసేయాలి. చిలుం ఇన్సులేషన్ లోపల జానెడు దూరం పాకుతుంది. మెరిసే రాగి కనిపించేదాకా కోయండి.

ఓమ్ మీటర్:
నేను పుస్తకం చదివి చెప్పట్లేదండీ, సొంత బండి మీద రెండుసార్లు తెగితే చెప్తున్నాను. ఆ సాల్డర్ కూడా ఆటోనగర్‌లోనే పెట్టించాను, కావాలంటే వీధి పేరు చెప్తాను.

ఆటోనగర్ వైరింగ్:
చెప్పండి. ఒకడు చేసినదానికి ఆటోనగర్ మొత్తాన్ని అంటే ఊరుకోను.

హబ్ గ్రీజు:
అన్నలూ, అసలు సెన్సర్ బతికుందో లేదో చూశారా? ఆ మోడల్లో రెండు వైర్ల కాయిల్ రకమే ఉంటుంది. మీటరు పెడితే వెయ్యి, రెండు వేల ఓమ్‌ల మధ్య చూపించాలి. చక్రం జాకీ మీద లేపి రెండు సెకన్లకో చుట్టు తిప్పితే ఏసీలో కనీసం 0.2 వోల్టు రావాలి. ఓమ్‌లు బాగుండి వోల్టు రాకపోతే వైరు తప్పు కాదు, సెన్సర్‌కీ చక్రంతో తిరిగే పళ్ల రింగుకీ మధ్య గ్యాపు. హబ్ గ్రీజింగప్పుడు సెన్సర్ వెనక్కి జరుగుతుంది, పళ్ల రింగుకి తగిలేదాకా లోపలికి తోయాలి, అంతే.

సెకండ్ డ్రైవర్:
అందరూ జాయింటు గురించే కొట్టుకుంటున్నారు. ఆయన మొదట్లోనే లైటు మీద నల్లటేపు అంటించామన్నాడు, అది ఎవరికీ కనబడలేదా?

బేతంచర్ల లోడ్:
తమ్ముడూ, ఏబీఎస్ లేకపోయినా గాలి బ్రేకులు పనిచేస్తాయి. మన నాన్నల కాలంలో ఏబీఎస్ ఉందా?

సెకండ్ డ్రైవర్:
పనిచేస్తాయి, అదే సమస్య. బండి ఖాళీగా ఉండి రోడ్డు తడిగా ఉంటే ఆ చక్రం ఒక్కటే బిగుసుకుంటుంది. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు ఘాటులో నాకు అదే జరిగింది, వెనకభాగం పక్కకి జారి గోడ దగ్గర ఆగింది. టైరు ఒకచోట బల్లపరుపుగా అరిగిపోయింది. మా పాత ఓనరు ఆ టైరు డబ్బులు నా బత్తాలో కోశాడు, బ్రేకు తొక్కడం రాదని. లైటు మీద టేపు అంటించింది ఆయనే, నేను బండి ఎక్కేటప్పుడు నాకు చెప్పలేదు. లైటు కనిపిస్తే దూరం వదిలి నెమ్మదిగా దిగేవాణ్ణి కదా.

గాలి బ్రేకు:
ఇది నిజం. నేనూ పడ్డాను.

ఆటోనగర్ వైరింగ్:
డ్రైవరు తమ్ముడు చెప్పింది కరెక్టు. లైటు మూయమని నా దగ్గరికీ వస్తారు ఓనర్లు, జాయింటుకైతే బేరమాడతారు గానీ టేపు మాత్రం ఫ్రీగా అడుగుతారు. (సాల్డర్ మీద నా మాట మారలేదు.)

బేతంచర్ల లోడ్:
నన్ను ఆయనతో కలపకండి. నేను ఎవరి బత్తా కోయలేదు.

సెకండ్ డ్రైవర్:
మీ డ్రైవరుకి టేపు సంగతి తెలుసా అన్నా?

బేతంచర్ల లోడ్:
హబ్ గ్రీజు గారూ, ఇవాళ మీటరు పెట్టించాను. సెన్సర్ 1,180 ఓమ్‌లు, చక్రం తిప్పితే 0.3 వోల్టు. అంటే జాయింటుదే తప్పు. రేపు క్రింపింగ్ చేయిస్తున్నాను, స్లీవ్ ఎంత సైజు తేవాలి?

సెకండ్ డ్రైవర్:
నేనడిగింది అది కాదు.

బేతంచర్ల లోడ్:
కొత్త కుర్రాడు, సోమవారం ఎక్కాడు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.