అప్‌డేట్: బోర్ కిట్ వేయించలేదు, బండి మాత్రం మళ్లీ లాగుతోంది

నేను అడిగింది ఇదీ: నా 150 సీసీ సింగిల్ సిలిండర్ బండి ఎత్తు ఎక్కడం లేదు, 57 మి.మీ. బోర్‌ని (సిలిండర్ లోపలి వ్యాసం) 62కి పెంచి 177 సీసీ చేసే కిట్ వేయించనా అని. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. "ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కితే వచ్చే ఒత్తిడి) చూపించు" అన్న మాటే పనిచేసింది.

మెకానిక్ గేజ్ పెడితే కంప్రెషన్ బాగా తక్కువ వచ్చింది. ప్లగ్ రంధ్రంలో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కిక్ కొడితే ముల్లు పైకి లేచింది. ఆయిల్ పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందుని కాసేపు మూసిందన్నమాట. అంటే వాల్వులు కాదు, ఆ రింగులు పోయాయి. సిలిండర్ విప్పి చూస్తే లోపలి గోడ మీద నిలువు గీతలు గోటికి తగిలేంత లోతుగా ఉన్నాయి. రీబోర్ చేసి (గీతలు పోయేలా లోపలి గోడని కాస్త కోసి) 0.50 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్, కొత్త రింగులు వేశారు.

177 సీసీ మీద ఆశ ఇంకా పోలేదు, అబద్ధం చెప్పను. కానీ ఖర్చు కిట్‌తో ఆగదు. పెద్ద స్లీవ్ (సిలిండర్ లోపలి గొట్టం) పట్టడానికి దాని కింద ఉండే క్రాంక్‌కేస్ మూతి కోయించాలి, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే జెట్‌లు మార్చాలి, క్లచ్ కూడా గట్టిది కావాలి. పైగా ఎయిర్ కూలింగ్ ఇంజిన్, వేడి టెన్షన్ వేరే.

అంతకుముందు మార్చిన సైలెన్సర్, ఇరిడియం ప్లగ్ వల్ల ఏ తేడా రాలేదు. రీబోర్ తర్వాత మొదటి ఆయిల్ 500 కి.మీ.కే మార్చాను. రెండో గేరుకి దిగాల్సిన ఎత్తు ఇప్పుడు మూడులోనే ఎక్కుతోంది.