తిమింగలమా, తిమింగిలమా?

మావాడు నోట్సులో ‘తిమింగిలం’ అని రాస్తే టీచరు ‘గి’కి ఎర్రపెన్నుతో గుడి కొట్టేసి పంపించింది. పేపర్లలో కూడా తిమింగలమే కనబడతా ఉంది కాబట్టి ఆవిణ్ణి అనేదేం లేదు, కానీ ఆ గుడి పోతే మాటలో ఉన్న కథే పోతుందబ్బా. తిమి అంటే కథల్లోని మహా చేప, గిల అంటే మింగేది, కాబట్టి తిమిని మింగేది తిమింగిలం. మనోళ్లు అక్కడితో ఆగారా? దాన్ని కూడా మింగేదాన్ని పుట్టించి తిమింగిలగిలం అన్నారు! పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో చూడండి, రోహితం, అదే మన చెరువుల్లో పెంచే రోహు, దాని వరసలోనే తిమి, తిమింగిలం కూడా ఉంటాయి.

చూసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా అంటే బౌద్ధ కథల్లో ఉన్నారు. దివ్యావదానంలో ఓడ వర్తకులకి నడిసముద్రంలో సూర్యుడు కాక ఇంకో రెండు సూర్యుళ్లు కనబడతారు, తీరా చూస్తే అవి ఆ చేప కళ్లు. మధ్యప్రదేశ్‌లోని భార్హుత్ బౌద్ధ స్తూపం మీదైతే మనుషులతో సహా పడవ నోట్లోకి పోతున్నట్టు చెక్కారు, దాని కడుపులోంచి వసుగుప్తుడు బయటపడ్డాడని బ్రాహ్మి లిపిలో రాశారు. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటి ఆ రాతలో ‘తిమితిమింగిల’ అనే ఉంది. ఇంకేం కావాలి?

↳ అన్నా, మాది కొత్తపట్నం పక్క. చిన్నప్పుడు మా మామ వాళ్ల వలలో ఒకటి పడితే ఊరంతా తిమింగలం అని పరిగెత్తాం. వీపు మీద ముగ్గు పెట్టబోయే ముందు వేసిన చుక్కల్లాగా తెల్ల చుక్కలు, ఇంత వెడల్పు నోరు. మామ మాత్రం “ఇది సొరరా, మనుషుల్ని ఏం చేయదు” అని వల కోసి వదిలేశాడు, ఆ వల బాధ ఆరు నెలలు చెప్పుకున్నాడు.

↳↳ తమ్ముడూ, తిమి అనే పేరు దక్కాల్సింది దానికే. పాలిచ్చే తిమింగిలం అసలు చేపే కాదు, మీ మామ వదిలిన చుక్కల సొర మాత్రం నిజంగా చేపే, చేపలన్నిటిలోకీ పెద్దది. తినేది మాత్రం రొయ్య పిల్లల్లాంటి సన్నవి.

↳ తడ దాటితే అరవంలో కూడా తిమింగలం అంటారు కదండీ, వాళ్లకి కూడా ఎర్రపెన్ను పెడతారా?

↳↳ పెట్టనండీ. నోటికి తేలిగ్గా ఉంది, అననీండి. మావాడి గుడి మాత్రం వాడికి తిరిగి ఇప్పిస్తా.