వర్కింగ్ మెమరీ యాప్‌తో చదవడం మెరుగవుతుందా? (4వ తరగతి, డిస్లెక్సియా అనే చదివే ఇబ్బంది ఉందని అనుమానం)

పలకాబలపం:
పిల్లాడికి తొమ్మిదేళ్ళు. చూపు, వినికిడి బాగానే ఉన్నాయి. గుణింతం వరసగా అప్పజెప్తాడు, మధ్యలో ఒకటి చూపిస్తే తడబడతాడు. ‘చెట్లు’ని ‘చెటుల’ అని, ‘పద్మ’ని ‘పదమ’ అని చదువుతాడు. అంకెలు విని తిరిగి చెప్పే పరీక్ష తెలుగులో పెడితే నాలుగు దాటలేదు. దాంతో వర్కింగ్ మెమరీ (విన్నది కాసేపు మనసులో పట్టి ఉంచి వాడుకునే శక్తి) తక్కువని, మెమరీ ట్రైనింగ్ యాప్ ఐదు వారాలు, రోజూ అరగంట చేయించమన్నారు. రంగు కళ్ళద్దాలూ పెట్టమంటున్నారు. ఖర్చు పెట్టొచ్చా?

అచ్చుహల్లు:
రెండూ వద్దండి. ఇలాంటి ట్రైనింగ్ మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి మెల్బీ-లెర్వాగ్, హల్మ్ అనే పరిశోధకులు 2013లో విశ్లేషించారు. ఆడిన ఆటలాంటి పరీక్షల్లో మార్కులు పెరిగాయి గానీ, పదాలు చదవడానికీ లెక్కలకీ ఆ లాభం పాకలేదు. రంగు అద్దాలు డిస్లెక్సియాకి పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే ఉమ్మడిగా చెప్పాయి.

ఆ ‘నాలుగు’ గురించి ఒక మాట. మనసులో చెప్పుకోడానికి ఎక్కువసేపు పట్టే మాటలు తక్కువ గుర్తుంటాయి. బ్రిటన్‌లోని వేల్స్ భాష వెల్ష్‌లో అంకెలు పలకడానికి ఇంగ్లీషు కంటే ఎక్కువసేపు పడుతుంది; ఆ అంకెలతో ఎలిస్, హెన్నెలీ అనే పరిశోధకులు 1980లో చూపించింది ఇదే. మన ‘ఎనిమిది’, ‘తొమ్మిది’ ఎంత పొడుగో చూడండి! ఇంగ్లీషు అంకెల నార్మ్‌తో (ఆ వయసు పిల్లలకి మామూలుగా వచ్చే మార్కుతో) పోలిస్తే తెలుగులో చెప్పిన పిల్లాడికి అన్యాయం జరుగుతుంది. అదే తరగతి పిల్లలు పదిమందికి అవే అంకెలు, సెకనుకి ఒకటి చొప్పున, గొంతు ఎత్తకుండా దించకుండా చదివి చూడండి.

వత్తులబడి:
‘చెటుల’ అజాగ్రత్త కాదు. ‘ట్లు’లో కొమ్ము ట మీద ఉంటుంది, పలికేది మాత్రం ల తర్వాత. కంటికి కనబడిన వరసలోనే (ట, కొమ్ము, ల) పలుకుతున్నాడు. ‘పదమ’లో ఒత్తుని విడి అక్షరంగా లెక్కేశాడు. రెండూ వేర్వేరు తప్పులు, విడివిడిగా రాసిపెట్టుకోండి. ‘రాత్రి’ లాంటి పదంతో మాత్రం పరీక్షించకండి, ఇంట్లో ‘రాతిరి’ అనే అంటారు కాబట్టి ఏది తప్పో తేలదు.

ఎక్కడ తెగుతోందో చూడ్డానికి:
‘పలక’లో ‘ప’ తీసేస్తే? (లక). ఇది వచ్చి, ‘కి’లో ‘క్’ తీసేస్తే ‘ఇ’ అని చెప్పలేకపోతే, అక్షరం లోపలి శబ్దాల దగ్గర ఇబ్బంది.
‘గిప్లు’, ‘తెక్ము’ లాంటి అర్థం లేని పదాలు పది చదివించండి. చూసి గుర్తుపెట్టుకున్న పదాల ముసుగు ఇక్కడ తొలగిపోతుంది.
బాగా తెలిసిన బొమ్మలు ఐదు, పదేసిసార్లు కలగలిపి, ఐదు వరసల్లో గీసి పేర్లు గబగబా చెప్పించి టైము చూడండి. శబ్దాలు సరిగ్గా ఉండి ఇది మాత్రమే నిదానమైతే సమస్య వేగానిది. అప్పుడు ఒకే చిన్న పేరా మూడు నాలుగుసార్లు చదివించడం మేలు.

అభ్యాసం రోజుకి 20 నిమిషాలు చాలు. ట్, ల్, ఉ మూడు చీటీలు పేర్చి, పలికించి, ఆ తర్వాతే ‘ట్లు’ రాయించండి. వారానికి రెండు ఒత్తులే. పది పదాల్లో ఆరు పాతవి ఉండాలి. ద-ధ, ప-ఫ ఒకే రోజు నేర్పితే రెండూ కలిసిపోతాయి. గుణింతం వరసలో అప్పజెప్పించడం ఆపెయ్యండి, అది పాటలా వస్తోంది తప్ప చదవడం కాదు.

అచ్చుహల్లు:
పై పరీక్షలకి ఒక షరతు. సోనాలీ నాగ్ కన్నడ పిల్లల మీద 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అక్షరాలన్నీ పట్టుబడటానికి మొదటి తరగతులు సరిపోవనీ, విడి శబ్దాల ఎరుక ఇంకా నిదానంగా వస్తుందనీ తేలింది. లిపి మనదానికి దగ్గరే. కాబట్టి ‘కి’ ప్రశ్న ఒక్కటే తప్పితే డిస్లెక్సియా అనకండి, తోటి పిల్లలకి వచ్చిందో లేదో ముందు చూడండి.

పలకాబలపం:
అర్థం లేని పదాల్లో ఒత్తు లేనివీ కలపాలా?

వత్తులబడి:
సగం కలపండి. అవి కూడా తప్పితే ఒత్తుల పని పక్కన పెట్టి గుణింతానికి వెళ్ళాలి, కె-కే, కొ-కో జంటలతో మొదలుపెట్టి.